చెన్నరాజధానిలో పరీక్షా మార్కులు – కళాశాలా ప్రవేశములు: తిరువొత్తియూరు తెలుగు విద్యార్థి దృష్టితో ఒక చారిత్రక పరిశీలనము

చెన్నపట్టణమునకు ఉత్తరమున సముద్రతీరమందు వెలసిన తిరువొత్తియూరు తెలుగువారికి క్రొత్త ఊరు కాదు. త్యాగరాజస్వామి ఇచటి త్రిపురసుందరీదేవిపై రచించిన అయిదు కృతులును తెలుగు కృతులే. ఆయన శిష్యుడగు వీణ కుప్పయ్యరును, కుప్పయ్యరు కుమారుడగు తిరువొత్తియూరు త్యాగయ్యరును తెలుగున వర్ణములను, కృతులను రచించి ఈ ఊరి పేరును దక్షిణదేశమంతట వినిపించిరి. 2011 నుండి ఈ ఊరు చెన్నై మహానగరపాలక సంస్థలో అంతర్భాగమైనది. నేడిచట వీధులలో తమిళముతోపాటు తెలుగును వినబడును.

ఇట్టి ఊర తెలుగు చదువుకొని, పదునెనిమిదవ ఏట వైద్యకళాశాలా ద్వారమును గాని, ఇంజనీరింగు కళాశాలా ద్వారమును గాని చేరిన విద్యార్థికి ఎదురగు ప్రశ్న ఒక్కటే: మార్కులెన్ని? ఆ ప్రశ్నకు సమాధానము ఒక అంకె. అంకెకు బంధుప్రీతి లేదని, కులము లేదని, భాష లేదని లోకుల నమ్మకము. కాని ఏ పాఠ్యవిషయమునకు ఎన్ని మార్కులుండవలెను, ప్రశ్న ఏ భాషలో ఉండవలెను, ఏ పాఠశాలవారిని ఏ లెక్కలో చేర్చవలెను అనునవి ఒక కాలమున ఒక అధికారవర్గము చేసిన నిర్ణయములు. గత నూటయఱువది ఏండ్లకు పైబడిన చరిత్రలో ఈ కొలపాత్ర పలుమారులు మాఱినది. అది మాఱినప్పుడెల్ల ద్వారము దాటినవారును మాఱిరి. ఈ మార్పులను క్రమముగ పరిశీలించి, వానిలో భాష వహించిన పాత్రను నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పూర్వకాలపు విద్యాద్వారములు

తిరువొత్తియూరి దేవాలయ శాసనములందు వ్యాకరణదాన మండపమను పేరు కాననగును. శివుడు పాణినికి వ్యాకరణసూత్రములను ఉపదేశించిన స్థలము ఇదియేయని స్థానికుల ఐతిహ్యము. చోళులకాలమున ఆ మండపమున పాణినీయ వ్యాకరణము బోధింపబడుచుండెను. అంతకు పూర్వమే, మొదటి రాజేంద్రచోళుని కాలపు ఎణ్ణాయిర శాసనమున ఒక విద్యాలయముయొక్క వివరములు కలవు. అందు చిన్న తరగతుల విద్యార్థులు 270 మంది, పెద్ద తరగతుల వారు 70 మంది, ఉపాధ్యాయులు 14 మంది. వీరందఱకును భృతులు నిర్ణయింపబడినవి. కావున విద్యాస్థానముల సంఖ్యను ముందుగ నిర్ణయించి పంచుట నేటి వింత కాదు. అయితే ఆ శాసనము స్థానములను వేదశాఖలను బట్టియు, శాస్త్రములను బట్టియు పంచినదే కాని మార్కులను బట్టి పంచలేదు. ఆనాటి ద్వారపాలకులు పుట్టుక, శాఖ, గురువు.

ఆంగ్లప్రభుత్వము స్థిరపడిన పిదప గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయ విద్యాస్థితిని గూర్చి విచారణ చేయించెను. 1826 నాటి లెక్కల ప్రకారము చెన్నరాజధానిలో 1,28,50,941 మంది జనులకు 12,498 పాఠశాలలును, 1,88,650 మంది విద్యార్థులును ఉండిరి. వీధిబడులలో చదువు ముగించినవానికి పట్టము లేదు, సంఖ్య లేదు. వాడు జమాఖర్చు వ్రాయగలడా, పద్యము చదువగలడా అను దానితోనే వాని విలువ తేలుచుండెను. ఒకే ప్రశ్నపత్రమును వేలకొలది బాలురకు ఒకే దినమున ఇచ్చి, వచ్చిన అంకెలను పోల్చుట అను పద్ధతి అప్పటికి ఈ దేశమున లేదు.

మెట్రిక్యులేషను: అర్హత పరీక్ష

1839లో చెన్నపట్టణ వాసులు డెబ్బదివేల సంతకములతో గవర్నరు ఎల్ఫిన్‌స్టనుకు ఒక విన్నపము సమర్పించి, ఉన్నత విద్యాలయమును కోరిరి. 1841లో విశ్వవిద్యాలయ ఉన్నతపాఠశాల వెలసెను. 1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యాలేఖను అనుసరించి 1857 సెప్టెంబరు 5వ తేదీన చెన్నపురి విశ్వవిద్యాలయము శాసనబద్ధమయ్యెను. ఆ నెలలోనే మొదటి మెట్రిక్యులేషను పరీక్ష జరిగెను. పరీక్షకు కూర్చున్నవారు 41 మంది. ఉత్తీర్ణులు 36 మంది.

ఈ రెండు సంఖ్యలు మిక్కిలి గమనింపదగినవి. కూర్చున్నవారిలో ఎనిమిదింట ఏడువంతుల మంది గట్టెక్కిరి. ఏలయనగా అది అర్హత పరీక్ష. నిర్ణీతమైన గీటును దాటిన ప్రతివానికిని ద్వారము తెఱచియుండెను. ఒకడు దాటుటవలన మఱియొకనికి నష్టము లేదు. నేటి ప్రవేశపరీక్ష అట్టిది కాదు. అది ఎంపిక పరీక్ష. అందు గీటు ముందుగ ఉండదు. స్థానములెన్నియో అన్ని తలలు లెక్కించి, చివరి తల యొద్ద గీటు గీయుదురు. అర్హత పరీక్ష ఎంపిక పరీక్షగా మాఱుటయే ఆధునిక విద్యాచరిత్రలోని ముఖ్యఘట్టము. స్థానములకంటె ఉత్తీర్ణులు హెచ్చిన దినమున ఈ మార్పు అనివార్యమైనది.

అయినను ఆ తొలిపరీక్షకు కూర్చొనుటకు ముందే ఒక గొప్ప ఎంపిక జరిగిపోయి ఉండెను. లెక్కలు, చరిత్ర మొదలగు విషయములకు ఆంగ్లముననే సమాధానము వ్రాయవలెను. తెలుగు ఒక భాషాపత్రముగ మాత్రము ఉండెను. రాజధాని కళాశాలలో తెలుగు పండితుడుగ ఉండిన పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను 1853లో ప్రకటించెను. బాలవ్యాకరణమును ఈ కాలముననే వెలువడినది. ఇట్టి గ్రంథములు పుట్టిన నగరముననే, ఆంగ్లము రాని తెలుగు బాలునికి విశ్వవిద్యాలయ ద్వారము మూసియుండుట గమనింపదగిన విషయము. పరీక్షలో తప్పినవారి సంఖ్య దొరకును. పరీక్షదాక రాలేనివారి సంఖ్య ఏ లెక్కలోను దొరకదు.

మార్కుల పట్టికను మార్చినవారు

మార్కుల విలువ ఎట్లు మాఱునో తెలుపుటకు సివిలు సర్వీసు పరీక్ష మంచి ఉదాహరణము. 1853 నాటి శాసనముచే ఆ ఉద్యోగములు పోటీపరీక్షకు తెఱవబడి, 1855లో లండనున తొలిపరీక్ష జరిగెను. 1863లో సత్యేంద్రనాథ ఠాకూరు ఉత్తీర్ణుడై, ఆ కొలువున చేరిన మొదటి భారతీయుడయ్యెను. పిమ్మట సంస్కృతమునకును, అరబ్బీకిని ఉండిన 500 మార్కులు 375కు తగ్గింపబడెను. అభ్యర్థుల గరిష్ఠవయస్సును క్రమముగ తగ్గి 1878 నాటికి 19 ఏండ్లయ్యెను. సంస్కృతము తగ్గలేదు, భారతీయుని బుద్ధియు తగ్గలేదు. పట్టికలోని అంకె తగ్గినది. సముద్రము దాటి పోవలసిన పరభాషా విద్యార్థికి ఆ అంకెయే పెద్ద గోడ.

తెలుగునాట ఇంకొక వివాదము ఇంతకంటె చేరువైనది. 1911 ప్రాంతమున పాత మెట్రిక్యులేషనుకు బదులు స్కూలు ఫైనలు పద్ధతి వచ్చెను. దేశభాషలో వ్యాసరచనకు ప్రాముఖ్యము హెచ్చెను. అప్పుడు పుట్టిన ప్రశ్న: విద్యార్థి ఏ తెలుగున వ్రాయవలెను? గ్రాంథికముననా, శిష్టవ్యావహారికముననా? గ్రాంథికపక్షమున జయంతి రామయ్యపంతులు మొదలగువారు నిలిచిరి. 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తు చెన్నపట్టణమున స్థాపితమయ్యెను. వ్యావహారికపక్షమున గిడుగు రామమూర్తి 1913లో ఆధునికాంధ్రమును గూర్చి విజ్ఞాపనమును, గురజాడ అప్పారావు 1914లో విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. నాటికి గ్రాంథికపక్షమే గెలిచినది.

సాహిత్య చరిత్రకారులు దీనిని శైలీవివాదముగ వర్ణింతురు. అది నిజమే, కాని అది మార్కుల వివాదము కూడ. ఇంట మాటాడు భాషకు దూరమైన భాషను నేర్పగల పండితుడున్న బడి విద్యార్థికి ఒక లాభము, లేని బడి విద్యార్థికి ఒక నష్టము ఏర్పడును. అరసున్నను మఱచినవాడు ఆలోచనను మఱచినట్లు లెక్కింపబడును. గురజాడ, గిడుగులు ఇద్దఱును బడిపిల్లలకు పాఠము చెప్పినవారగుట యాదృచ్ఛికము కాదు.

మార్కులా, వర్గములా?

ఇరువదవ శతాబ్ది ఆరంభమున మార్కుల ఫలితమును గూర్చి మఱియొక విమర్శ వెలువడెను. 1916లో దక్షిణభారత ప్రజాసంఘమును స్థాపించిన ప్రముఖులలో పిట్టి త్యాగరాయచెట్టి ఒకరు. ఆయన తిరువొత్తియూరికి పొరుగున ఉన్న ఉత్తర చెన్నపురి తెలుగువారు. నాటి బ్రాహ్మణేతర ప్రకటనలో ఉదాహరింపబడిన ప్రభుత్వపు లెక్కలను బట్టి, 1892 మొదలు 1904 వఱకు జరిగిన ప్రాంతీయ సివిలు సర్వీసు పోటీపరీక్షలలో నెగ్గిన 16 మందిలో 15 మంది బ్రాహ్మణులు. జిల్లా మునసబులు 128 మందిలో 93 మంది బ్రాహ్మణులు. పరీక్ష అందఱకు ఒక్కటే, ప్రశ్నలు ఒక్కటే. అయినను ఫలితము ఇట్లేల ఉండెను? తరతరముల చదువు ఉన్న ఇంటి బిడ్డ పరీక్షకు కూర్చొనునప్పటికే సగము దూరము నడచి ఉండునని ప్రకటనకారుల వాదము. పరీక్షలో నెగ్గిన వారి కృషి అసత్యము కాదని వారికి ఎదురు నిలిచినవారి వాదము. ఈ రెండు వాదములును నేటికిని ముగియలేదు.

1921లో తెలుగువారగు పానుగల్లు రాజా రామరాయణింగారు ముఖ్యమంత్రిగా ఉండగ తొలి కమ్యూనలు ఉత్తరువు వెలువడెను. 1927 నాటి ఉత్తరువు ప్రతి 12 ఉద్యోగములను బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముసల్మానులకు 2, క్రైస్తవులకు ఆంగ్లో ఇండియనులకు కలిపి 2, అణగద్రొక్కబడిన తరగతులవారికి 1 చొప్పున పంచెను. 1947లో ఈ చక్రము 14కు పెరిగెను: బ్రాహ్మణేతర హిందువులు 6, వెనుకబడిన హిందువులు 2, హరిజనులు 2, బ్రాహ్మణులు 2, క్రైస్తవులు ఆంగ్లో ఇండియనులు 1, ముసల్మానులు 1. వైద్య, ఇంజనీరింగు కళాశాలల ప్రవేశములును ఈ పద్ధతినే నడచెను.

ఈ పట్టికలలో కానరాని వర్గమొకటి కలదు, అది స్త్రీలు. గిండీ ఇంజనీరింగు కళాశాల 1794 నాటి సర్వేపాఠశాలనుండి పెరిగినది. నూటనలువది ఏండ్లకు పైగా అందు స్త్రీ చేరలేదు. తెలుగు వనితయగు అయ్యలసోమయాజుల లలిత 1940లో అచట ప్రవేశము పొందెను. అచటి ఆచార్యుడగు ఆమె తండ్రి పప్పు సుబ్బారావు కోరగ, కళాశాలాధ్యక్షుడు చాకోయు, విద్యాశాఖాధిపతి స్టాథమును అనుమతించిరి. ఆమె పట్టపత్రముపై ముద్రితమైన పుంలింగ సర్వనామమును కొట్టివేసి స్త్రీలింగమును వ్రాయవలసివచ్చెను. అంతవఱకు ద్వారమును మూసినది మార్కులు కావు, ఆ సర్వనామమే.

1951 నాటి తీర్పు

రాజ్యాంగము 1950లో అమలునకు వచ్చిన వెంటనే ఈ పంపకము న్యాయస్థానమునకు ఎక్కినది. చంపకం దొరైరాజన్ వైద్యకళాశాలా ప్రవేశమును గూర్చియు, సి. ఆర్. శ్రీనివాసన్ ఇంజనీరింగు కళాశాలా ప్రవేశమును గూర్చియు వ్యాజ్యములు వేసిరి. శ్రీనివాసనుకు సంబంధిత విషయములందు 450కి 369 మార్కులు వచ్చెను. చంపకం దరఖాస్తు పెట్టనేలేదు. పెట్టినను చోటు దొరకదని తెలిసి మానుకొనెను. శ్రీనివాసను పక్షమున వాదించినవారు నెల్లూరు మండలమున జన్మించిన తెలుగువారును, రాజ్యాంగ రచనాసంఘ సభ్యులును అగు అల్లాడి కృష్ణస్వామి అయ్యరు.

ఆ తీర్పులోని లెక్కలు చరిత్రకారునకు విలువైనవి. నాటి చెన్నరాష్ట్రమున ప్రభుత్వ వైద్యకళాశాలలు 4, స్థానములు 330. అందు 17 ఇతర రాష్ట్రములవారికి, 12 ప్రభుత్వపు ఇష్టానుసారము. మిగిలినవి 301. ఇంజనీరింగు కళాశాలలును 4, స్థానములు 395. అందు 21, 12 తీసివేయగ మిగిలినవి 362. ఈ మిగిలిన స్థానములను జిల్లాల నాలుగు సముదాయములకు పంచి, ప్రతి సముదాయమున పదునాలుగింటి చక్రమును త్రిప్పుచుండిరి. విశాఖపట్టణము మొదలు కన్యాకుమారి దిక్కువఱకు వ్యాపించిన రాష్ట్రమునకంతకు ఏటేట మున్నూటి ముప్పది వైద్యస్థానములే యన్నచో, పోరాటమెట్టిదో ఊహింపవచ్చును.

1951 ఏప్రిలు 9వ తేదీన సుప్రీంకోర్టు ఆ ఉత్తరువు రాజ్యాంగముయొక్క 29వ అధికరణమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే తొలి రాజ్యాంగ సవరణచే 15(4) ఉపాధికరణము చేరి, వెనుకబడిన తరగతులకు ప్రత్యేక వసతులు కల్పించు అధికారము రాష్ట్రములకు లభించెను. మార్కులు ఒక్కటియే కొలతయా, మార్కులతోపాటు పుట్టిన పరిస్థితియు కొలతయా అను ప్రశ్నకు దేశము ఇచ్చిన సమాధానములు రెండును చెన్నపట్టణపు వ్యాజ్యమునుండియే పుట్టినవి.

ఆ నాలుగు వైద్యకళాశాలలలో విశాఖపట్టణము, గుంటూరు కళాశాలలును, నాలుగు ఇంజనీరింగు కళాశాలలలో కాకినాడ, అనంతపురము కళాశాలలును 1953లో ఆంధ్రరాష్ట్రమునకు చేరెను. చెన్నపట్టణమున మిగిలిన తెలుగువారు నాటినుండి రాష్ట్రమున భాషా అల్పసంఖ్యాకులైరి. వారికి రాయపురము చెంతనున్న స్టాన్లీ వైద్యకళాశాల చేరువది. కరవుకాలమున బీదలకు గంజి పోసిన సత్రమునుండి పుట్టిన ఆ వైద్యశాల 1938లో కళాశాలయైనది. తిరువొత్తియూరికి అది కొలది మైళ్ళ దూరము. కాని దూరమును మైళ్ళతో కొలుచుట వేఱు, మార్కులతో కొలుచుట వేఱు.

ముఖాముఖి నుండి ప్రవేశపరీక్షకు

తరువాతి ఇరువది ఏండ్లలో వైద్యకళాశాలలకు చదువు మార్కులతోపాటు ముఖాముఖి పరీక్షకు 75 మార్కుల వఱకు ఇచ్చుచుండిరి. ప్రశ్నించువారి దయపై ఇన్ని మార్కులు ఆధారపడుట విమర్శలకు గుఱియైనది. జిల్లాలవారీ పంపకమును 1968లో రాజేంద్రను వ్యాజ్యమునను, విభాగములవారీ ఎంపికను 1970లో పెరియకరుప్పను వ్యాజ్యమునను సుప్రీంకోర్టు కొట్టివేసెను.

1984లో తమిళనాడు ప్రభుత్వము వృత్తికళాశాలలకు ప్రవేశపరీక్షను ప్రవేశపెట్టెను. పండ్రెండవ తరగతి మార్కులను 200కును, ప్రవేశపరీక్షను 100కును కుదించి, మొత్తము 300కు వరుస కట్టుచుండిరి. ఆంధ్రప్రదేశమునను ఇట్టి మార్పే జరిగెను. 1983లో కాపిటేషను రుసుమును నిషేధించు శాసనము వచ్చినది. 1986లో ఎంసెట్ ఆరంభమైనది. ఐ.ఐ.టి.ల ఉమ్మడి పరీక్ష అంతకు పూర్వమే, 1961లో మొదలైనది. శిక్షణాలయములకు పోగల విద్యార్థికిని, పోలేని విద్యార్థికిని నడుమ అంతరము ఈ పరీక్షలతో పెరిగినది. తమిళనాట ఆ అంతరమును గుర్తించి, ఆనందకృష్ణను సంఘము సలహాపై 2006లో శాసనము చేసి, 2007లో రాష్ట్రపతి అంగీకారముతో ప్రవేశపరీక్షను తొలగించిరి. పిమ్మట వైద్యమునకు జీవశాస్త్రము 100, భౌతికము 50, రసాయనము 50, మొత్తము 200 అను లెక్క నడచెను. బడిలో చదివిన చదువే కొలతయైనది. దానిలోను లోపము లేకపోలేదు: కంఠస్థము చేసినవానికి లాభము, లక్షలాది విద్యార్థుల నడుమ అరమార్కు తేడాయే జీవితమును నిర్ణయించుట.

దేశమంతట ఒకే పరీక్ష

వైద్యవిద్యకు దేశమంతటికి ఒకే పరీక్ష, అనగా నీట్, 2013 మే నెలలో తొలుత జరిగెను. ఆ జూలైలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. 2016 ఏప్రిలులో తన తీర్పును తానే ఉపసంహరించుకొనెను. తమిళనాట 2017 నుండి అది అమలునకు వచ్చినది. 180 ప్రశ్నలు, ఒక్కొక్కటికి 4 మార్కులు, మొత్తము 720; తప్పునకు ఒక మార్కు కోత. బడిమార్కులకు విలువ లేకపోయెను. పండ్రెండవ తరగతిలో 1200కు 1176 మార్కులు తెచ్చుకొనియు, నీట్‌లో స్థానమునకు చాలినన్ని మార్కులు రాని అరియలూరు జిల్లా బాలిక ఆ సంవత్సరము సెప్టెంబరులో ప్రాణములు విడిచినది. రాష్ట్రమంతయు దుఃఖించెను. ఒకే విద్యార్థినిని రెండు కొలపాత్రలు ఇంత భిన్నముగ కొలుచుట ఆలోచనాపరులను కలవరపెట్టినది. ఏ పరీక్షయు ఒక బిడ్డ ప్రాణముకంటె గొప్పది కాదని తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును పిల్లలకు మరల మరల చెప్పవలసియున్నది.

2018లో జరిగినది భాషోపాధ్యాయులు ప్రత్యేకముగ తెలిసికొనదగినది. ఆ ఏటి తమిళ ప్రశ్నపత్రమున 49 ప్రశ్నలందు అనువాద దోషములున్నవని వ్యాజ్యము నడచెను. ప్రశ్నకు నాలుగేసి చొప్పున 196 మార్కులు తమిళమున వ్రాసినవారికి ఇయ్యవలెనని మదురై ధర్మాసనము జూలైలో తీర్పు చెప్పెను. సుప్రీంకోర్టు దానిని తొలుత నిలిపి, తరువాత కొట్టివేసెను. 720లో 196 అనగా నాలుగవ వంతునకు మించినది. ప్రశ్నపత్రముయొక్క భాష ఫలితమున ఎంత బరువు తూగునో ఈ ఒక్క అంకె చెప్పుచున్నది.

2020లో తమిళనాడు శాసనసభ ఆఱు మొదలు పండ్రెండు తరగతులు ప్రభుత్వ పాఠశాలలందు చదివినవారికి వైద్యస్థానములలో 7.5 శాతము ప్రత్యేకించెను. 2021లో ఇంజనీరింగు మొదలగు చదువులకును దీనిని విస్తరించిరి. అంతవఱకు ద్వారము దాపునకు రాలేని బీదబిడ్డలు దీనిచే వైద్యవిద్యార్థులైరి, ఇది కొనియాడదగినది. నీట్‌ను తొలగింపగోరి అదే సంవత్సరము శాసనసభ ఆమోదించిన బిల్లుకు మాత్రము రాష్ట్రపతి అంగీకారము లభింపలేదు.

తెలుగు విద్యార్థి ఏ లెక్కలో?

ఇప్పుడు తిరువొత్తియూరు తెలుగు విద్యార్థిని ఈ పట్టికలలో వెదకవలెను. నీట్ ప్రశ్నపత్రము 2017 నుండి తెలుగునను లభించుచున్నది. కాని జాతీయ పరీక్షాసంస్థ నియమములలో, ప్రాంతీయభాషా పత్రము ఆ భాషారాష్ట్రముల కేంద్రములకు మాత్రమే పరిమితము. తెలుగు పత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములకు, తమిళ పత్రము తమిళనాడు కేంద్రములకు ఏర్పఱచిరి. కావున చెన్నపట్టణ కేంద్రమున పరీక్ష వ్రాయు తెలుగు బాలునికి తెలుగు పత్రము లేదు. తెలుగున వ్రాయదలచినచో నెల్లూరు దిక్కునకో, తిరుపతికో పోవలెను.

7.5 శాతపు వసతియు ప్రభుత్వ పాఠశాలలవారికే. ప్రభుత్వ సహాయముతో నడచు పాఠశాలలు అందు చేరలేదు. భాషా అల్పసంఖ్యాకులు స్థాపించుకొన్న సహాయక పాఠశాలలలో చదువు బిడ్డలు ఎంత బీదవారైనను ఆ లెక్కకు రారు. ఆంధ్రప్రదేశమునకు పోవుదమన్నచో, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము అచట 85 శాతము స్థానములు స్థానికులవి. స్థానికుడగుటకు అర్హత పరీక్షతో ముగియు వరుస నాలుగేండ్లు అచట చదివి ఉండవలెను. అచట పరుడు, ఇచట అల్పసంఖ్యాకుడు: ఇది చెన్నపురి తెలుగు విద్యార్థి స్థితి.

2006 నాటి తమిళాధ్యయన శాసనముచే తమిళము ఒకటవ తరగతినుండి ఏటేట ఒక తరగతి చొప్పున నిర్బంధమై, 2015–16 విద్యాసంవత్సరమున పదవ తరగతిని చేరెను. మాతృభాషలో చదివినవారు న్యాయస్థానముల వలన పలుమారులు మినహాయింపులు పొందవలసివచ్చెను. తమిళమును నేర్చుట తెలుగు బిడ్డకు నష్టము కాదు, మేలే; ఉన్న ఊరి భాష రానివాడు సగము మూగ. నేర్చుకొనుటకు చాలినంత కాలము, ఉపాధ్యాయుడు లేకుండ పరీక్ష పెట్టుటయే చిక్కు. రాజ్యాంగమున 1956లో చేరిన 350–ఎ అధికరణము మాతృభాషా బోధనను ప్రాథమికదశకే పరిమితము చేసినది. ఆపైన తెలుగు నిలుచుట పాఠశాలల పట్టుదలపైనను, తల్లిదండ్రుల నమ్మకముపైనను ఆధారపడియున్నది. పెద్దచదువుల ద్వారమున తెలుగునకు విలువ లేదని తోచినప్పుడు ఆ నమ్మకము సడలును. తెలుగు తరగతులు పలుచనగుటకు ఇది ముఖ్యకారణములలో ఒకటి.

లోకమందలి ఇతర దృష్టాంతములు

ఈ చిక్కు ఒక్క చెన్నపట్టణమునది కాదు. చీనాదేశమున సుమారు పదమూడు శతాబ్దములు నడచిన రాజోద్యోగ పరీక్షలను 1905లో రద్దుచేసిరి. అమెరికాలో 1926లో ఆరంభమైన సాట్ పరీక్షను, కోవిడ్ వ్యాధి ప్రబలిన 2020లో పలు విశ్వవిద్యాలయములు ఐచ్ఛికము చేసినవి. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయము 2022లోను, హార్వర్డు 2024లోను ఆ పరీక్షను మరల కోరినవి. పరీక్ష లేనిచో బీదబడిలోని ప్రతిభావంతుని గుర్తించుట కష్టమని ఒకరు, పరీక్ష ఉన్నచో ధనికులకే లాభమని ఒకరు అచటను వాదించుచున్నారు. ఆయా దేశములందలి తెలుగు కుటుంబములకును ఈ వాదము తెలియనిది కాదు.

ఉపసంహారము

పై చరిత్రనుండి మూడు సంగతులు తేలుచున్నవి. మొదటిది, పరీక్ష వలదనుట పరిష్కారము కాదు. స్థానములు కొలదియై కోరువారు పెక్కురైనప్పుడు ఏదో ఒక కొలత ఉండకతప్పదు. వ్రాతపరీక్ష లేని కాలమున పుట్టుకయు, పలుకుబడియు కొలతలైనవి. రెండవది, ఏ కొలతయు ప్రకృతి సిద్ధము కాదు. 500ను 375 చేసినట్లే, పదునాలుగింటి చక్రమును సవరించినట్లే, మూడువందలను రెండువందలు చేసినట్లే, నేటి కొలతయు సవరింపదగినదే. మూడవది, ప్రతి మార్పునను భాష ఒక మౌనమైన గుమ్మముగ నిలిచినది. 1857లో ఆంగ్లము, 1914లో గ్రాంథికము, 2018లో దోషభరితమైన అనువాదము, నేడు చెన్నపట్టణ కేంద్రమున లేని తెలుగు పత్రము ఒకే వరుసలోనివి.

కావున తెలుగువారు కోరదగినవి పెద్దవి కావు. అభ్యర్థి కోరిన భాషాపత్రమును దేశమందలి ఏ కేంద్రమునందైనను ఇచ్చుట ముద్రణకు సంబంధించిన పని మాత్రమే. సహాయక పాఠశాలలలోని బీదవిద్యార్థులను ప్రత్యేక వసతిలో చేర్చుట ప్రభుత్వము ఆలోచింపదగిన విషయము. ఈ కోరికలకు బలము కావలెనన్న సాక్ష్యము కావలెను. ప్రతి తెలుగు పాఠశాలయు తన పాత హాజరుపట్టీలను, మార్కుల జాబితాలను భద్రపఱచి, ఏ యేట ఎందఱు చేరిరి, ఎందఱు పై చదువులకు పోయిరి, ఎందఱు నడుమ తెలుగును విడిచిరి అను వివరములను సంఘములకు అందజేయవలెను. వ్యాకరణమును దానము చేసిన మండపము శాసనమున వ్రాయబడుటచేత నేడు మనకు తెలిసినది. తిరువొత్తియూరు తెలుగు తరగతుల కథయు వ్రాతలోనికి ఎక్కిననే రేపటివారికి తెలియును.